తాళం మనదే, ఇల్లు ఎవరిది?

ఒక చిన్న సంఘటన ఊహించుకుందాం. పదో తరగతి మంచి మార్కులతో పాసయిన ఒక అమ్మాయి సంతోషం పట్టలేక మార్కుల జాబితాను ఫోటో తీసి, తన ఫేస్‌బుక్ ఖాతాలో పెట్టింది. తన పోస్టులు స్నేహితులకు తప్ప మరెవరికీ కనబడవని ఆమె నమ్మకం. ఎప్పుడో ఒకసారి ఆ సెట్టింగు మార్చిన గుర్తు కూడా ఉంది. రెండు రోజులు గడిచాయో లేదో, ముక్కూ మొహం తెలియని వాళ్ళ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన ఫలానా కళాశాలలో సీటు ఇప్పిస్తానన్నాడు. ఇంకొకాయన ఆమె పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చదివిన బడి అన్నీ గడగడా చెప్పేసి, "నీకు స్కాలర్‌షిప్ మంజూరయిందమ్మా, ఇప్పుడే నీ ఫోనుకు ఒక నంబరు వస్తుంది, అది చెప్పు చాలు" అన్నాడు. సంగతి ఇంట్లో తెలిసింది. "అసలు నిన్నెవరు పెట్టమన్నారు?" అని కోప్పడి ఫోను లాక్కున్నారు.

ఈ కథలో తప్పు ఎవరిది? అమ్మాయిదా? ఫోను కొనిచ్చిన తల్లిదండ్రులదా? ఫోను చేసిన మోసగాళ్ళదా? ఆ వెబ్‌సైటుదా? మోసగాళ్ళది తప్పేనని అందరం ఒప్పుకుంటాం. మిగతా వాళ్ళ సంగతి తేల్చాలంటే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి. మనం "గోప్యత సెట్టింగు" అని పిలిచే ఆ చిన్న మీట నిజంగా చేసే పని ఏమిటి? అది ఎవరి నుంచి మనల్ని కాపాడుతుంది? ఎవరి నుంచి కాపాడదు? ఒక్కొక్కటీ చూద్దాం.

సెట్టింగు ఎలా పనిచేస్తుంది?

ఫోటో మన ఫోనులో తీశాం కాబట్టి అది మన ఫోనులోనే ఉంటుందనీ, స్నేహితులు వచ్చి దాన్ని చూసి వెళతారనీ చాలామంది అనుకుంటారు. జరిగేది అది కాదు. మనం "పోస్టు" అనే మీట నొక్కగానే ఆ ఫోటో నకలు ఒకటి ఇంటర్నెట్ ద్వారా ప్రయాణించి, ఆ కంపెనీ నడిపే పెద్ద కంప్యూటర్లలోకి చేరుతుంది. వీటినే సర్వర్లు అంటారు. అవి మన రాష్ట్రంలో ఉండవచ్చు, వేరే ఖండంలోనూ ఉండవచ్చు.

ఫోటోతోపాటు ఒక చీటీ కూడా వెళుతుంది. ఇది ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎవరికి చూపించవచ్చు అనే వివరాలు ఆ చీటీలో ఉంటాయి. మన గ్రంథాలయంలో కొన్ని పుస్తకాల మీద "సభ్యులకు మాత్రమే" అని రాసి ఉంటుంది గదా, ఇదీ అలాంటిదే. ఎవరైనా వచ్చి ఆ ఫోటో అడిగితే, సర్వరు ముందు ఆ చీటీ చూస్తుంది. తర్వాత అడిగిన వ్యక్తి పేరు మన స్నేహితుల జాబితాలో ఉందో లేదో వెతుకుతుంది. ఉంటే ఇస్తుంది, లేకపోతే ఇవ్వదు. ఇదంతా రెప్పపాటు కాలంలో జరిగిపోతుంది.

దీన్నిబట్టి మూడు సంగతులు తెలుస్తున్నాయి.

మొదటిది: చీటీ మీద ఏం రాసినా పుస్తకం మాత్రం గ్రంథాలయంలోనే ఉంటుంది. అంటే ఫోటో ఎప్పుడూ కంపెనీ దగ్గరే ఉంటుంది.

రెండవది: ఆ చీటీ ఆపేది కిటికీ దగ్గరకు వచ్చి అడిగేవాళ్ళను మాత్రమే. లోపల కూర్చున్న యజమానికి అది వర్తించదు. "స్నేహితులకు మాత్రమే" అంటే "స్నేహితులకు, కంపెనీకి" అని చదువుకోవాలన్నమాట.

మూడవది: ఒకసారి స్నేహితుడి చేతికి చేరిన తర్వాత చీటీ పని అయిపోయినట్టే. ఆ స్నేహితుడు తన ఫోను తెరను ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే, అది కొత్త ఫోటో అవుతుంది. దానికి మన చీటీ అంటుకుని ఉండదు.

ఒక చిన్న లెక్క

కొన్ని వెబ్‌సైట్లలో "స్నేహితులు", "అందరూ" అనే వాటి మధ్య "స్నేహితుల స్నేహితులు" అనే సెట్టింగు కనబడుతుంది. వినడానికి ఇది పెళ్ళిలో బంధువుల బంధువులు కలిసినట్టు, ఇంటి వ్యవహారంలాగే ఉంటుంది. లెక్క వేసి చూడండి. మీకు 200 మంది స్నేహితులున్నారు. వాళ్ళలో ప్రతి ఒక్కరికీ 200 మంది ఉన్నారు. 200ను 200తో గుణిస్తే 40,000! ఒకే తరగతి, ఒకే ఊరు కావడం వల్ల సగం పేర్లు మళ్ళీ మళ్ళీ వచ్చాయనుకున్నా ఇంకా 20,000 మంది మిగులుతారు. అంటే మీరు మార్కుల జాబితాను ఒక చిన్న పట్టణం నడిబొడ్డున గోడకు అంటించినట్టే. ఆ 20,000 మందిలో మీరు చూసి గుర్తుపట్టగలిగిన వాళ్ళు ఎందరు?

ముందే పెట్టి ఉన్న టిక్కు

సెట్టింగులు మార్చుకునే అవకాశం అందరికీ ఉంది గదా, మార్చుకోకపోవడం మన బద్ధకమే గదా అని మీరు అడగవచ్చు. దీనికి జవాబు చెప్పే ఒక ప్రసిద్ధ అధ్యయనం ఉంది. దానికీ ఇంటర్నెట్‌కూ సంబంధమే లేదు.

మరణానంతరం అవయవదానం చేయడానికి సమ్మతించిన వారి సంఖ్య ఐరోపా దేశాల్లో ఎంత ఉందో ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ అనే పరిశోధకులు 2003లో 'సైన్స్' పత్రికలో పోల్చి చూపారు. జర్మనీలో 12 శాతం. పక్కనే ఉన్న ఆస్ట్రియాలో 99.98 శాతం! రెండు దేశాల్లోనూ మాట్లాడేది జర్మన్ భాషే. మరి ఇంత తేడా ఎందుకు? జర్మనీలో అవయవదానం చేయదలచుకున్నవాళ్ళు ఆ సంగతి ప్రత్యేకంగా తెలియజేయాలి. ఆస్ట్రియాలో ఇష్టం లేనివాళ్ళు తెలియజేయాలి. రెండు చోట్లా ఎక్కువమంది ఏమీ చేయకుండా ఊరుకున్నారు. ఏమీ చేయకపోతే ఏం జరుగుతుందనేది మాత్రం ముందే వేరొకరు నిర్ణయించి పెట్టారు.

ఇలా మనం తాకకపోతే దానంతటదే అమలయ్యే సెట్టింగును "డిఫాల్ట్" అంటారు. దాన్ని మార్చడానికి శ్రమ పడాలి. పైగా, "పెద్ద కంపెనీ వాళ్ళు పెట్టారంటే మంచిదే అయి ఉంటుంది" అనుకుంటాం. దాన్ని మార్చకపోతే జరిగే నష్టం వెంటనే కనబడదు. అందువల్ల డిఫాల్టును ఎవరు నిర్ణయిస్తారో, కోట్లాదిమంది తరఫున వారే నిర్ణయం తీసుకున్నట్టు లెక్క.

ఫేస్‌బుక్ చరిత్రే దీనికి మంచి ఉదాహరణ. 2004 ఫిబ్రవరిలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థుల కోసం అది మొదలయింది. ఆ కళాశాల ఈ-మెయిలు ఉన్నవారికే అందులో ప్రవేశం. కళాశాల గోడే మొదటి గోప్యత సెట్టింగు అన్నమాట. క్రమంగా ఆ గోడ జరుగుతూ వచ్చింది. 2009 డిసెంబరులో కంపెనీ తన సెట్టింగులను మార్చింది. అంతవరకు కొందరు దాచుకున్న స్నేహితుల జాబితా వంటి వివరాలు ఆ మార్పుతో బహిరంగమయ్యాయి. ఈ సంగతిని వినియోగదారులకు సరిగా చెప్పలేదనీ, వారి సమ్మతి తీసుకోలేదనీ అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2011 నవంబరులో రాజీ కుదిరింది. రాబోయే 20 ఏళ్ళపాటు, రెండేళ్ళకోసారి బయటివారితో తన గోప్యత పద్ధతులను తనిఖీ చేయించుకోవడానికి కంపెనీ ఒప్పుకుంది. 2014 మే నెలలో, కొత్తగా చేరేవారి పోస్టులకు డిఫాల్టును "అందరూ" నుంచి "స్నేహితులు"కు మార్చింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఒక వ్యక్తి 2008లో సెట్టింగులన్నీ జాగ్రత్తగా సరిచేసుకుని ఉండవచ్చు. 2010 నాటికి అతని ఇంటి తలుపు వేరే చోటికి జరిగిపోయింది. తాళం మాత్రం వేసిన చోటే ఉంది!

65 మందిలో 65 మంది!

జాగ్రత్తపరులైనా సరిగా సెట్టింగులు పెట్టుకోగలుగుతున్నారా? న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో దీన్ని పరీక్షించారు. వాళ్ళ పద్ధతి చాలా సులువైనది. మొదట 65 మంది ఫేస్‌బుక్ వినియోగదారులను కూర్చోబెట్టి, "మీ సమాచారంలో ఏది ఎవరికి కనబడాలని మీరు కోరుకుంటున్నారు?" అని అడిగి రాసుకున్నారు. తర్వాత వారి ఖాతాల్లో నిజంగా ఏది ఎవరికి కనబడుతోందో చూశారు. రెంటినీ పోల్చి, తేడాలు ఉన్నచోట ఆ వినియోగదారులకే చూపించి, "ఇది మీరు కోరుకున్నదేనా?" అని మళ్ళీ అడిగారు.

ఫలితం ఏమిటంటే, 65 మందిలో ప్రతి ఒక్కరి ఖాతాలోనూ కనీసం ఒక్క తప్పయినా ఉంది! తాము కోరుకున్నదొకటి, అక్కడ జరుగుతున్నదొకటి అని అందరూ ఒప్పుకున్నారు. ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి, వారిలో ఎక్కువమంది ఆ తప్పులను సరిచేయలేమనో, సరిచేయబోమనో చెప్పారు.

ఒక బడిలో లెక్కల పరీక్ష పెడితే ఒకరిద్దరు తప్పారనుకోండి, వాళ్ళు సరిగా చదవలేదంటాం. తరగతి మొత్తం ఒక్కరూ మిగలకుండా తప్పితే? ప్రశ్నపత్రాన్నే అనుమానించాలి. ఇదే శాస్త్రీయమైన ఆలోచన. మన కథలోని అమ్మాయి దోషాన్ని తూచేటప్పుడు ఈ 65 మందినీ గుర్తుంచుకోవాలి.

మీట చేతిలో ఉంటే ధైర్యం ఎక్కువ

సరే, సెట్టింగులు సులువుగా, స్పష్టంగా ఉంటే సమస్య తీరిపోతుందా? అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో లారా బ్రాండిమార్టే, అలెసాండ్రో అక్విస్టి, జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ముగ్గురు దీని మీద ప్రయోగాలు చేశారు. 2013లో ఫలితాలు ప్రకటించారు. కొందరిని వ్యక్తిగతమైన ప్రశ్నలు అడిగారు. ఆ జవాబులను ప్రచురించాలో వద్దో నిర్ణయించే అధికారం కొందరికి స్పష్టంగా ఇచ్చారు, మరికొందరికి ఇవ్వలేదు. అధికారం ఉన్నవాళ్ళు మరింత ధైర్యంగా, మరిన్ని రహస్య విషయాలకు జవాబులిచ్చారు. ఆ జవాబులను అపరిచితులు చూసే అవకాశం పెరిగినప్పుడు కూడా వాళ్ళు వెనుకాడలేదు!

ప్రచురించడం అనేది మన చేతిలో ఉంది. చదివినవాళ్ళు దాన్ని ఏం చేస్తారనేది మన చేతిలో లేదు. మొదటిది చేతిలో ఉందన్న నిబ్బరంలో రెండోదాన్ని మరచిపోతున్నాం. మంచి బ్రేకులున్నాయి గదా అని బండి వేగం పెంచినట్టుగా ఉంది ఇది.

ఇదే విశ్వవిద్యాలయంలో ఇంకొక అధ్యయనం జరిగింది. 5,076 మంది ఫేస్‌బుక్ వినియోగదారులు 2005 నుంచి 2011 వరకు ఏయే వివరాలు పెట్టారో పరిశీలించారు. మొదటి ఏళ్ళలో వాళ్ళు అపరిచితులకు కనబడే వివరాలను క్రమంగా తగ్గించుకుంటూ వచ్చారు. కంపెనీ చేసిన మార్పుల తర్వాత 2009-10 ప్రాంతంలో ఆ ధోరణి కొంత తిరగబడింది. స్నేహితుల మధ్య పంచుకునేది మాత్రం ఏటేటా పెరిగింది. స్నేహితులతో చెప్పుకున్నదంతా మరొకరు కూడా వింటున్నారు. ఆ వెబ్‌సైటు, దానికి అనుబంధంగా నడిచే బయటి ప్రోగ్రాములు, ప్రకటనదారులు. వీరికి పరిశోధకులు "మౌన శ్రోతలు" అని పేరు పెట్టారు. అపరిచితుల ముందు తలుపులు మూసేసి, మౌన శ్రోతల ముందు మనసు విప్పామన్నమాట.

వాడినవారు 335 మంది, ప్రభావం 5 లక్షల మందిపై

మౌన శ్రోతలు విన్నది ఎక్కడికి పోతుందో 2018లో ప్రపంచానికంతటికీ తెలిసింది. అంతకు నాలుగైదేళ్ళ క్రితం, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే అలెగ్జాండర్ కోగన్ అనే పరిశోధకుడు ఫేస్‌బుక్ మీద నడిచే ఒక ప్రశ్నావళి ప్రోగ్రాము తయారు చేశాడు. మీ వ్యక్తిత్వం ఎలాంటిదో చెబుతాం అన్న తరహాది. దాన్ని తెరిచినవారు తమ వివరాలతోపాటు, తమకు తెలియకుండానే, తమ స్నేహితుల వివరాలు కొన్నింటిని కూడా దానికి అప్పగించారు. అప్పట్లో ఫేస్‌బుక్ నియమాలు అందుకు వీలిచ్చాయి. ఆ సమాచారం కేంబ్రిడ్జ్ ఎనలిటికా అనే రాజకీయ ప్రచార సలహా కంపెనీకి చేరింది.

ప్రపంచం మొత్తంమీద 8 కోట్ల 70 లక్షల మంది వివరాలు ఇలా చేరి ఉండవచ్చని ఫేస్‌బుక్ 2018 ఏప్రిల్‌లో ప్రకటించింది. మన దేశానికి సంబంధించి ఇచ్చిన లెక్క చూడండి. ఆ ప్రోగ్రామును వాడిన భారతీయులు 335 మంది. వివరాలు చేరి ఉండగల భారతీయులు 5,62,455 మంది. అంటే మిగతా 5,62,120 మంది ఆ ప్రోగ్రాము పేరు కూడా విని ఉండనక్కరలేదు. దేశంలోనో విదేశాల్లోనో ఉన్న వారి స్నేహితుడెవరో సరదాకు దాన్ని తెరిచాడు, అంతే!

ఈ లెక్క ఒక ముఖ్యమైన పాఠం చెబుతుంది. మన గోప్యత పూర్తిగా మన చేతిలో లేదు. కొంత మన స్నేహితుల చేతిలో ఉంది. వాళ్ళది మన చేతిలో ఉంది. మీరు ఏదైనా ప్రోగ్రాముకు మీ ఫోనులోని నంబర్ల జాబితాను చూసే అనుమతి ఇచ్చారంటే, మీ బాబాయి నంబరు, టీచరుగారి నంబరు, పక్కింటి అక్క నంబరు వాళ్ళను అడగకుండానే ఇచ్చేసినట్టే. వేపచెట్టు కింద కూర్చుని ఒకరి ఇంటి సంగతి మరొకరికి చెప్పడం తప్పని మనకు పెద్దలు నేర్పారు. ఈ మీట నొక్కడం అంతకన్నా వేరేమీ కాదు.

చెప్పనిది కూడా తెలుసుకుంటారు

"నేను రహస్యాలేవీ రాయను. నాకు నచ్చిన సినిమా, క్రికెట్ ఆటగాడు, పాట, వీటికి 'లైక్' కొడతాను, అంతే. నాకేం భయం?" అనేవాళ్ళున్నారు.

నెలసరి సరుకుల చీటీ చూసి, ఆ ఇంట్లో పసిబిడ్డ ఉన్నదనీ, ఎవరికో చక్కెర వ్యాధి ఉన్నదనీ కిరాణా కొట్టు యజమాని చెప్పగలడు. ఆ సంగతులు చీటీ మీద రాసి ఉండవు. ఏళ్ళ తరబడి వందల చీటీలు చూసిన అనుభవంతో ఆయన ఊహిస్తాడు. కంప్యూటరు చేసేదీ ఇదే. కాకపోతే వందల చీటీలకు బదులు కోట్ల చీటీలు చూస్తుంది.

మైకేల్ కొసిన్స్కీ, మరి ఇద్దరు పరిశోధకులు 2013లో ఈ సంగతిని కొలిచి చూపించారు. అమెరికాలో 58,000 మందికి పైగా స్వచ్ఛందంగా తమ 'లైక్'ల జాబితాను వారికిచ్చారు. ఒక పెద్ద పట్టిక ఊహించండి. అడ్డవరసకు ఒక మనిషి, నిలువు వరసకు ఒక 'లైక్'. నచ్చితే 1, లేకపోతే 0. ఈ ఒకట్లు, సున్నాలలో ఏవి కలిసి వస్తున్నాయో కంప్యూటరు లెక్క కడుతుంది. ఆ తర్వాత డెమొక్రాటిక్ పార్టీ మనిషి ఒకరిని, రిపబ్లికన్ పార్టీ మనిషి ఒకరిని ఇచ్చి ఎవరు ఏ పార్టీవారో చెప్పమంటే, 100 జంటలలో 85 జంటలను సరిగా చెప్పగలిగింది. 'లైక్'లలో రాజకీయాల మాట ఉండనక్కరలేదు. పాటలు, తిండి పదార్థాలు కూడా అందుకు పనికి వస్తాయి.

ఇలాంటి ఊహను ఏ సెట్టింగూ దాచలేదు. ఎందుకంటే అది మనం పెట్టిన పోస్టు కాదు. మన గురించి ఇంకొకరు కట్టిన లెక్క. పైగా ఆ లెక్క 100లో 15 సార్లు తప్పు కావచ్చు. ఆ 15 మందిలో మీరుంటే, తప్పును దిద్దుకునే దారి ఏది?

నమ్మకం ఎక్కడ నిలబడాలి?

సాంఘిక వెబ్‌సైట్లు చాలావరకు మన దగ్గర డబ్బు తీసుకోవు. వాటి ప్రధాన ఆదాయం ప్రకటనల నుంచి వస్తుంది. ఎవరికి ఏ ప్రకటన చూపితే కొంటారో తెలియాలంటే మన గురించి తెలియాలి. ఇందులో రహస్యమేమీ లేదు. కంపెనీలే తమ నియమావళిలో రాస్తాయి. కాని ఆ నియమావళిని చదివేదెవరు? ఒక అమెరికన్ వినియోగదారుడు ఏడాదిలో తాను చూసిన వెబ్‌సైట్ల గోప్యత నియమాలన్నీ చదవాలంటే సుమారు 200 గంటలు పడుతుందని 2008లో ఇద్దరు పరిశోధకులు అంచనా వేశారు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 25 పనిదినాలు! "నియమాలు చదివి అంగీకరిస్తున్నాను" అన్న చోట టిక్కు పెట్టిన మనం, చదవకుండానే చదివామని చెప్పవలసి వస్తోంది.

నమ్మి ఇచ్చినదాన్ని వేరే పనికి వాడితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఖాతాను దొంగల నుంచి కాపాడుకోవడానికి ఫోను నంబరు ఇవ్వమని ట్విట్టర్ తన వినియోగదారులను అడిగింది. 14 కోట్ల మందికి పైగా నంబర్లో, ఈ-మెయిళ్ళో ఇచ్చారు. వాటిని ప్రకటనలు గురిచూసి పంపడానికి కూడా వాడారని తేలింది. 2022 మే నెలలో ఆ కంపెనీ 15 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. అంతకుముందు 2019 జులైలో ఫేస్‌బుక్ మీద 500 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 2011లో ఇచ్చిన మాట తప్పిందన్నది ఆ కేసులో ప్రధాన ఆరోపణ.

ఇక్కడ జరిగిన అసలు నష్టం జరిమానాలో కనబడదు. భద్రత కోసం నంబరు ఇవ్వడం నిజంగా మంచి అలవాటు. ఒకసారి మోసపోయినవాడు రేపు నిజమైన భద్రతకు కూడా నంబరు ఇవ్వడు. నమ్మకం పోతే మంచి సలహా కూడా పనికిరాకుండా పోతుంది.

మందుల షాపులో కొన్న మాత్రను మనం పరీక్షించి మింగం. నమ్మి మింగుతాం. ఆ నమ్మకం గుడ్డిది కాదు. దాని వెనుక తనిఖీ అధికారులున్నారు, ప్రయోగశాలలున్నాయి, కల్తీ చేస్తే శిక్షించే చట్టం ఉంది. వెబ్‌సైట్ల విషయంలోనూ నమ్మకానికి అలాంటి ఆధారాలు కావాలి. ఏం తీసుకుంటున్నారో అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. తీసుకున్న పనికే వాడాలి. డిఫాల్టు మనకు మేలు చేసేదిగా ఉండాలి. మాట తప్పితే అడిగేవారుండాలి.

మన దేశంలో ఈ దిశగా కొంత నడక సాగింది. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆ కేసు వేశారు. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 18 ఏళ్ళలోపు వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలనీ, పిల్లల నడవడిని వెంటాడి ప్రకటనలు గురిపెట్టరాదనీ అందులో ఉంది. కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. చట్టం కాగితం మీద ఎంత బాగున్నా, దాన్ని అడిగి అమలు చేయించుకునే పౌరులుంటేనే అది పనిచేస్తుంది.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. తప్పు ఎవరిది? మార్కుల జాబితాలో పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయని, వాటిని చెరిపి పెట్టాలని ఆ అమ్మాయికి తెలిసి ఉంటే బాగుండేది. అంతవరకు నిజం. అయితే సెట్టింగులను చిక్కుముడిగా అల్లింది ఆమె కాదు. డిఫాల్టు నిర్ణయించింది ఆమె కాదు. ఫోటోను మరొక గ్రూపుకు పంపిన స్నేహితురాలు ఆమె కాదు. మోసగించడానికి ఫోను చేసింది అసలే ఆమె కాదు. కాని శిక్ష మాత్రం ఆమెకు పడింది. ఫోను పోయింది. రేపు అంతకన్నా పెద్ద బెదిరింపు వస్తే ఇంట్లో చెప్పడానికి ఆమె జంకుతుంది. మోసగాళ్ళకు కావలసింది సరిగ్గా ఆ మౌనమే.

కాబట్టి ఇంట్లో పెద్దలు వేయవలసిన మొదటి ప్రశ్న "ఎందుకు పెట్టావు?" కాదు. "ఏం జరిగింది? ఇప్పుడేం చేద్దాం?" అన్నది. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవచ్చు. మిగతా వేధింపుల మీద జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. పిల్లలు సాయం కోసం 1098కి ఫోను చేయవచ్చు. వచ్చిన సందేశాలను భయపడి చెరిపేయకూడదు. అవే సాక్ష్యాలు.

మీరే చేసి చూడండి

కొలంబియా ప్రయోగాన్ని మీ తరగతిలోనే చేయవచ్చు. కావలసినవి ఒక కాగితం, పెన్సిలు, మీ ఖాతా ఉన్న ఫోను.

1. ఫోను తెరవకముందే కాగితం మీద మూడు నిలువు గళ్ళు గీయండి. మొదటి గడిలో మీ వివరాలు రాయండి: ఫోను నంబరు, పుట్టిన తేదీ, ఊరు, స్నేహితుల జాబితా, పాత ఫోటోలు, ఇతరులు మీ పేరు తగిలించి పెట్టిన ఫోటోలు.

2. రెండో గడిలో, ఒక్కొక్కటి ఎవరికి కనబడాలని మీరు కోరుకుంటున్నారో రాయండి.

3. ఇప్పుడు ఒక మిత్రుడి సాయం తీసుకోండి. మీతో స్నేహితుల జాబితాలో లేనివారైతే మంచిది. వారి ఫోనులో మీ పేరు వెతికి, ఏమేం కనబడుతున్నాయో మూడో గడిలో రాయండి.

4. తేడాలు లెక్కపెట్టండి. తరగతిలో తేడా ఒక్కటీ లేనివారు ఎందరో బోర్డు మీద రాయండి.

5. ఫోను సెట్టింగులలో "అనుమతులు" అన్న చోటు తెరిచి, మీ నంబర్ల జాబితాను, మీరున్న చోటును, కెమెరాను ఏయే ప్రోగ్రాములు వాడుతున్నాయో చూడండి. ఆ ప్రోగ్రాము పనికి అది నిజంగా అవసరమా? టార్చిలైటు ప్రోగ్రాముకు మీ బాబాయి నంబరుతో పనేమిటి? అవసరం లేని అనుమతులు తీసేయండి.

ఒక నెల తర్వాత ఇదే పరీక్ష మళ్ళీ చేయండి. మీరు ఏమీ మార్చకపోయినా ఏదైనా మారిందా?

ఫలితాలు ఎలా వచ్చినా ఎవరినీ ఎగతాళి చేయకండి. తేడాలు ఎక్కువ వచ్చినవారు తెలివితక్కువవారు కారు. అందరికీ ఒకే చోట తప్పు వచ్చిందంటే, ఆ సెట్టింగు ఎందుకలా ఉందని ఆ కంపెనీకి రాసి అడగండి. చీటీ మీద మనం రాసినట్టే జరగాలని అడిగే హక్కు, ఆ చీటీ రాసిన ప్రతివారికీ ఉంది.